ఓటు లేని కమిటీలు

1784లో లండన్‌లో జరిగిన క్వేకర్ల వార్షిక సభ స్త్రీల కోరిక ఒకటి మన్నించింది. ఆడవాళ్ళకూ తమదైన వార్షిక సభ ఉండాలన్నదే ఆ కోరిక. దాన్ని పట్టుబట్టి సాధించినవాళ్ళలో యార్కు నగరానికి చెందిన ఎస్తేర్ ట్యూక్ ఒకరు. మరుసటి ఏడు, 1785లో, ఆమె యార్కులో ఆడపిల్లల బడి పెట్టింది. సభ నడపడమంటే ఏమిటో తెలిసిన మనిషి పెట్టిన బడి అది. క్వేకర్ బాలికల బడుల్లో క్లబ్బులూ సేవా కమిటీలూ అంత బలంగా ఎందుకు వేళ్ళూనుకున్నాయో తెలియాలంటే ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఈ బడుల్ని మెచ్చుకునేవాళ్ళు పిల్లలు చేసిన సేవను ఏకరువు పెడతారు: అల్లిన స్వెట్టర్లు, పంపిన పార్సిళ్ళు, పోగుచేసిన చందాలు. తప్పుపట్టేవాళ్ళు ఇదంతా కలవారి పిల్లల పుణ్యకార్యమంటారు. రెండింట్లోనూ నిజముంది. అయితే ఇద్దరూ సేవ దగ్గరే ఆగిపోతారు. ఏ పని చేయాలో తేల్చింది ఎవరు, డబ్బు లెక్క ఎవరి చేతిలో ఉంది, వద్దన్న పిల్ల మాట ఏమైంది? నా దృష్టిలో అసలు చదువు ఈ ప్రశ్నల్లో ఉంది. అందుకే ఈ సమీక్షలో సేవకన్నా నిర్ణయం మీదే ఎక్కువ సేపు నిలబడతాను.

క్వేకర్లు 17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన చిన్న క్రైస్తవ సమాజం. తమను తాము మిత్ర (ఫ్రెండ్స్) సమాజమని పిలుచుకుంటారు. వాళ్ళ సంప్రదాయ ఆరాధనలో పాస్టరు ఉండడు, ముందే రాసుకున్న ప్రార్థన ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలినుంచి మాట తోసుకొచ్చినవాళ్ళు, ఆడైనా మగైనా, లేచి మాట్లాడతారు. వాళ్ళ తొలి నాయకుడు జార్జ్ ఫాక్స్ 1668లోనే రెండు బడులు పెట్టమని చెప్పాడు. వాటిలో షాకిల్‌వెల్‌లోది ఆడపిల్లల కోసం.

అదే కాలంలో స్త్రీల సభలు విడిగా ఏర్పడ్డాయి. తొలితరం క్వేకరు మార్గరెట్ ఫెల్ లాంటివాళ్ళు వాటిని ఒక దారిలో పెట్టారు. వితంతువులకు సాయం, అనాథ పిల్లలకు పని నేర్పించే ఏర్పాటు, పెళ్ళి చేసుకోబోయే జంటల సంగతి విచారించడం, జైల్లో ఉన్నవారి కుటుంబాల్ని చూడటం ఆ సభల పని. లండన్ స్త్రీలకైతే పేదల సాయానికి తమదైన నిధి ఉండేది. డబ్బు పెట్టెలో పెట్టేవారు గనక వాళ్ళ సభను పెట్టె సభ అనే పిలిచారు. పెళ్ళయిన స్త్రీకి చట్టం తన సొంత ఆస్తి మీద కూడా చెయ్యి వెయ్యనివ్వని రోజుల్లో, ఈ స్త్రీలు ఉమ్మడి డబ్బుకు లెక్క రాశారు, ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చారు, తేల్చినదాన్ని పుస్తకంలోకి ఎక్కించారు. పెద్ద విషయాలు మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా మగవాళ్ళ సభ చేతిలోనే ఉండిపోయాయి. పేదల సాయం ఆడవాళ్ళకు, అధికారం మగవాళ్ళకు అన్న పంపకం ఇందులో ఉంది. దాన్ని కప్పిపుచ్చడం అన్యాయం. అయినా ఆ సాయం పని చేస్తూనే వాళ్ళు సభా నిర్వహణ నేర్చుకున్నారు. బాలికల బడుల్లోని సేవా కమిటీకి అమ్మమ్మ ఈ పెట్టె సభే.

ఇక కమిటీ ఎలా నడుస్తుందో చూడాలి, ఎందుకంటే ప్రత్యేకత అంతా అక్కడుంది. క్వేకర్ సమావేశంలో ఓటు ఉండదు. మౌనంతో మొదలవుతుంది. అధ్యక్షుడి స్థానంలో క్లర్కు ఉంటారు. క్లర్కు పని తన మాట నెగ్గించుకోవడం కాదు, సభ మనసు ఎటు మొగ్గిందో పసిగట్టి ఒక పేరాగా రాయడం. ఆ పేరాను మినిట్ అంటారు. మనకు తెలిసిన మినిట్స్ మీటింగు అయ్యాక, ఒక్కోసారి వారం తర్వాత, ఎవరో ఒకరు తీరిగ్గా రాసేవి. ఇక్కడ అప్పటికప్పుడు, అందరూ కూర్చునుండగానే రాసి, చదివి వినిపించి, పదం మార్చమంటే మార్చి, ఒప్పుకున్నాకే తర్వాతి విషయానికి వెళ్ళాలి. ఒకరికి ఒప్పుదల లేకపోతే మూడు దారులున్నాయి: ఆగి మళ్ళీ వినడం, వాయిదా వేయడం, లేదా ఆ ఒక్కరు నాకు అంగీకారం లేదు గాని అడ్డుపడను అని పక్కకు తప్పుకోవడం. తప్పుకోవడం ఆ మనిషి ఇష్టం. సభ తోసెయ్యకూడదు.

పదవికి పోటీ కూడా ఉండదు. ఎవరు ఏ పనికి సరిపోతారో ఆలోచించి పేర్లు సూచించడానికి ఒక చిన్న కమిటీ ఉంటుంది. ఇది బడిలోకి వచ్చినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. తరగతిలో గట్టిగా మాట్లాడే పిల్ల, అందరికీ తెలిసిన పిల్ల లీడరు కావడం ఎన్నికల్లో మామూలే. పేర్లు సూచించే కమిటీలో కూర్చున్న పదహారేళ్ళ అమ్మాయి మాత్రం తోటివాళ్ళందరినీ ఒక్కొక్కరినీ తలచుకోవాలి: లెక్క తప్పకుండా రాసేదెవరు, కోపం తెచ్చుకోకుండా వినేదెవరు, వెనక బెంచీలో కూర్చుని ఎవరికీ కనపడకుండా పని చేసుకుపోయేదెవరు. తోటి మనిషిని ఇలా చూడటం పాఠ్యపుస్తకంలో దొరకదు. ఈనాటికీ చాలా క్వేకర్ బడుల్లో విద్యార్థి సంఘానికి ప్రెసిడెంటు బదులు క్లర్కులుంటారు, తరచు ఇద్దరు కలిసి.

క్లబ్బుల సంగతి కొంచెం వేరు. పాత క్వేకర్లకు సంగీతం, నాటకం, నవల గిట్టవు. అవి మనసును చెదరగొడతాయని వాళ్ళ భయం. మరి పిల్లలు సెలవు పూట ఏం చేయాలి? చెట్లు, పురుగులు, నక్షత్రాలు చూడాలి. యార్కులోనే ఉన్న, అప్పట్లో మగపిల్లలదైన బూథమ్ అనే క్వేకర్ బడిలో 1834లోనే ప్రకృతి పరిశీలన సంఘం పుట్టింది. బడి స్థాయిలో ఇంత పాతవి అరుదు. ఆ నిషేధాలు మెల్లగా సడలిపోయాయి. ఎస్తేర్ బడి 1814లో మూతపడినా, ఆ పరంపరలోనే 1831లో మళ్ళీ తెరుచుకుని, 1857లో ఇప్పుడున్న చోటికి మారి ది మౌంట్ అయింది. 20వ శతాబ్దం మధ్యనాటికి ఆ బడిలో చదివిన జూడి డెంచ్ నాటకరంగానికి వెళ్ళింది, క్వేకరుగానూ మారింది. నాటకం వద్దన్న సమాజపు బడినుంచి ఇంగ్లండులోకెల్లా పేరున్న నటి రావడం నాకు విరుద్ధంగా తోచదు. మౌనంలో కూర్చోవడం అలవాటైన బడి అది, వినడం వచ్చిన మనిషి నటి అయింది.

సేవ సంగతికి వస్తే, యార్కు చరిత్రలోనే ఒక గట్టి హెచ్చరిక ఉంది. చాక్లెట్ వ్యాపారి జోసెఫ్ రౌంట్రీ క్వేకరు. తన ఆస్తితో ట్రస్టులు పెడుతూ 1904లో ఒక పత్రం రాశాడు. యార్కులో పేదలకు సూప్ పోసే కేంద్రానికి డబ్బు అడిగితే ఎవరూ కాదనరు గాని, పేదరికం ఎంత ఉంది, ఎందుకుంది అని విచారించడానికి అడిగితే ముందుకొచ్చేవాళ్ళు తక్కువని అందులో వాపోయాడు. దానధర్మాలు పైకి కనిపించే బాధనే తడుముతాయి, వేరును ముట్టుకోవు అన్నది అతని బాధ. అంతకు మూడేళ్ళ ముందే, 1901లో, అతని కొడుకు సీబోమ్ యార్కు శ్రామిక వాడల్లో ఇంటింటికీ తిరిగి చేయించిన సర్వే అచ్చయింది. నగర జనాభాలో సుమారు 28 శాతం పేదరికంలో ఉన్నారని అది తేల్చింది. పనిచేస్తూ కూడా పేదలుగా ఉండటానికి చాలామంది విషయంలో కారణం సోమరితనం కాదు, చాలీచాలని కూలి అని చూపించింది.

బడి సేవా కమిటీలకు ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు. పాత బట్టలు పోగుచేసే కమిటీ సూప్ కేంద్రం లాంటిది. ఈ వీధిలో బట్టలు ఎందుకు కరువయ్యాయి అని అడిగే కమిటీ సర్వే లాంటిది. క్వేకర్ బడులు రెండూ చేశాయి గాని, మొదటిదే ఎక్కువ చేశాయని ఒప్పుకోవాలి.

యుద్ధాలు ఈ పనికి ఊపు తెచ్చాయి. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం వచ్చినప్పుడు క్వేకర్లు బాధితుల సాయానికి కమిటీ వేసి, ఎరుపు నలుపు రంగుల నక్షత్రాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. 1917లో అమెరికా క్వేకర్ల సహాయ సంస్థ, అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టింది. బాగా నడిచిన రోజుల్లో అక్కడ రోజుకు పది లక్షల మంది పిల్లలు తిన్నారు. నిన్నటి శత్రువు బిడ్డకు అన్నం పెట్టడం చిన్న విషయం కాదు. బ్రిటన్‌లోని సోదర సంస్థతో కలిపి దానికి 1947లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. సేవకు కమిటీ అన్న రూపం క్వేకర్లకు ఎంత సహజంగా తోచిందో దీన్నిబట్టి తెలుస్తుంది. వీరుడు ఒక్కడే వెళ్ళి కాపాడే కథ వాళ్ళకు లేదు. బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు చూసుకునేవాళ్ళ కథే ఉంది.

టోక్యోలోని ఫ్రెండ్స్ బాలికల బడి కథ ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అన్న ప్రశ్నను తిరగేసి చూపిస్తుంది. ఫిలడెల్ఫియా క్వేకర్ స్త్రీలు, జపాన్ క్రైస్తవులు నితోబె ఇనాజో, ఉచిమురా కన్జోల సలహాతో, 1887లో దాన్ని పెట్టారు. ఎస్తర్ రోడ్స్ అనే అమెరికన్ టీచరు అక్కడ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. యుద్ధకాలంలో ఆమె అమెరికాలో ఉండి, నిర్బంధ శిబిరాల్లో పడేసిన జపాన్ మూలాల కుటుంబాల కోసం పనిచేసింది. ఈలోగా 1945 వైమానిక దాడుల్లో టోక్యో బడి కాలి బూడిదైంది. 1946లో ఆమె తిరిగొచ్చింది, ఈసారి లారా అనే ఉమ్మడి సహాయ సంస్థ ప్రతినిధుల్లో ఒకరిగా. పాలపొడి, బట్టలు, మందులు ఓడల్లో వచ్చాయి. టోక్యో చుట్టుపక్కల బడుల్లో మధ్యాహ్న భోజనం మళ్ళీ మొదలైంది ఆ సరుకుతోనే. తర్వాత ఆమె ఆ బడికి ప్రిన్సిపాలు అయింది. ఇతరులకు ఇవ్వడం నేర్పిన బడే ఇప్పుడు తీసుకునే స్థితిలో పడింది. చెయ్యి చాచడం అంటే ఏమిటో తెలిసిన పిల్లల సేవా కమిటీ వేరుగా ఉంటుందని నేను నమ్ముతాను. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అనే రెండు జాతులు లేవని వాళ్ళకు ఒంటికి తెలుసు.

రమల్లా బడి సంగతి ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. 1869లో అమెరికన్ క్వేకర్లు ఎలై జోన్స్, సిబిల్ జోన్స్ దంపతులు పాలస్తీనాకు వెళ్ళినప్పుడు, ఆ ఊరి అమ్మాయి ఒకతె ఆడపిల్లలకు బడి పెట్టమని అడిగిందని, చదువు చెప్పేదెవరంటే నేనే చెబుతానని బదులిచ్చిందని ఆ బడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. బాలికల శిక్షణాలయం 1889లో వచ్చింది. 1948లో ఇళ్ళు పోగొట్టుకున్న జనం పట్టణాన్ని నింపేసినప్పుడు బడి ఆవరణే ఆశ్రయమైంది. ఇప్పుడా ప్రాంగణంలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదువుతున్నారు. నన్ను ఆకట్టుకునేది మొదటి సంగతి. సేవ బయటినుంచి వచ్చినా, ఏం కావాలో చెప్పింది లోపలి మనిషి. చేస్తానన్నదీ ఆమే.

ఇప్పుడు విమర్శలు. వాటిలో గట్టివి నాలుగున్నాయి, ఒక్కోదాని బరువు ఒక్కోలా ఉంది.

అన్నిటికన్నా బాధ కలిగించేది జాతి వివక్ష. బానిసత్వానికి ఎదురు నిలిచిన సమాజమని క్వేకర్లకు పేరు. ఆ పేరు న్యాయమైనదే. కానీ ఫిలడెల్ఫియాలో నల్లజాతి టీచరు సారా మాప్స్ డగ్లస్, ఆమె తల్లి గ్రేస్ క్వేకర్ ఆరాధనకు వెళ్తే, నల్లవాళ్ళకని విడిగా కేటాయించిన బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది. సారా ఆ అవమానాన్ని దాచలేదు, రాసి పెట్టింది. క్వేకర్ల డబ్బుతో నడిచిన నల్లజాతి పిల్లల విద్యాసంస్థలో 1853 నుంచి ఆమె బాలికల విభాగాన్ని నడిపింది, శరీర శాస్త్రం కూడా చెప్పింది. చాలా క్వేకర్ బడులు నల్లజాతి పిల్లలను చేర్చుకోవడానికి 20వ శతాబ్దం మధ్యదాకా పట్టింది. పేదలకు బట్టలు కుట్టే కమిటీ ఉండి, ఆ పేదల పిల్లకు తరగతిలో చోటు లేకపోతే, ఆ కుట్టుపనికి ఏం అర్థముంది? ఈ విమర్శకు జవాబు లేదు. తప్పును దిద్దుకోవడమే దారి, కొన్ని బడులు స్కాలర్‌షిప్పులతో ఆ పని చేస్తున్నాయి.

రెండోది సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1968లో మెక్సికోలోని కుయెర్నవాకాలో చేసిన ప్రసంగంలో ఉంది. సేవ చేయడానికి అమెరికానుంచి వచ్చిన యువతీయువకుల ముఖం మీదే చెప్పాడు: మీ మంచి ఉద్దేశాలు ఇక్కడివాళ్ళకు అక్కర్లేదు, చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, బాగు చేయడానికి రావద్దు. మాట కటువే. విదేశాలకు సేవా యాత్రలు వేసే ఖరీదైన బడులన్నీ, క్వేకర్ బడులతో సహా, ఇది వినాలి. రమల్లా అమ్మాయి కథ ఇలిచ్‌కు కొంత జవాబు, కొంత సమర్థన.

మూడోది గంటల లెక్క. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం 1992లో నియమం పెట్టింది: హైస్కూలు దాటాలంటే 75 గంటల సేవ చేసి తీరాలి. కెనడాలో ఒంటారియో 40 గంటలు అంది. మేరీలాండ్ నియమం మీద తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో, 8వ తరగతి పిల్లల్లో సేవ పెరిగింది గాని, 12వ తరగతికి వచ్చేసరికి తగ్గిందని తేలింది. గంటలు ముందే పూర్తి చేసుకుని చేతులు దులుపుకున్నారన్నమాట. ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే పాఠ్యక్రమం కూడా ఒకప్పుడు 150 గంటలని లెక్క కట్టి, తర్వాత ఆ లెక్క వదిలేసింది. క్వేకర్ బడుల్లోనూ గంటల నియమాలు దూరాయి. పిల్ల తన మనసులో మెదిలిన ఆరాటాన్ని పదిమంది ముందు పెట్టి, వాళ్ళు ప్రశ్నిస్తే తట్టుకుని, తర్వాతే పనిలోకి దిగాలన్నది ఆ సంప్రదాయం. గంటల షీటు మీద సంతకం పెట్టించుకోవడానికి ఆ ఆరాటంతో పనిలేదు. నా ఉద్దేశంలో ఈ బడులు పోగొట్టుకోగల అత్యంత విలువైన వస్తువు ఆ ఆరాటమే.

నాలుగోది నిర్ణయ పద్ధతి మీదే. అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో ఒక మాట గట్టిగా చెప్పింది: మాకు నాయకులు లేరు, నియమాలు లేవు అని చెప్పుకునే బృందాల్లో పెత్తనం పోదు, కనపడకుండా పోతుంది. చనువున్న నలుగురు ముందే అనుకుని వస్తారు, మిగతావాళ్ళు తలూపుతారు. ఆడపిల్లల బడిలో స్నేహాల ముఠాలు ఎంత బలంగా ఉంటాయో తెలిసినవాళ్ళెవరూ దీన్ని కొట్టిపారేయరు. అయితే క్వేకర్ పద్ధతి నియమాలు లేనిది కాదు. క్లర్కు ఉంది, అక్కడికక్కడ రాసే మినిట్ ఉంది, పదవికి గడువు ఉంది. ఫ్రీమన్ కోరినవీ ఇలాంటివే. అసలు ప్రమాదం వేరు. 1983లో మైకేల్ షీరన్ అనే జెసూట్ పాదరీ ఫిలడెల్ఫియా క్వేకర్ల సభల్ని దగ్గరనుంచి చూసి పుస్తకం రాశాడు. ఆ పద్ధతి ప్రాణం నియమాల్లో లేదని, మౌనంలో కలిసి కూర్చున్న అనుభవంలో ఉందని అతను గమనించాడు. ఇవాళ చాలా క్వేకర్ బడుల్లో అధిక భాగం పిల్లలు క్వేకర్లు కారు. మౌనం బెల్లుకూ బెల్లుకూ మధ్య మొక్కుబడిగా మిగిలితే, ఓటు లేని కమిటీ బేరసారాల కమిటీగా మారిపోతుంది.

ఇన్ని చెప్పాక, ఫలం ఎక్కడైనా కనిపించిందా అంటే, ఒక మనిషిని చూపిస్తాను. ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ బర్నెల్ ఉత్తర ఐర్లండ్‌లో చిన్న బడిలో చదువుతున్నప్పుడు మగపిల్లల్ని సైన్సు ల్యాబుకు, ఆడపిల్లల్ని వంట తరగతికి పంపారు. తల్లిదండ్రులు అడ్డుపడ్డాకే ఆమెకు సైన్సు దక్కింది. 1956లో ది మౌంట్‌లో చేరింది, అక్కడ మంచి ఫిజిక్సు టీచరు దొరికాడు. 1967లో పల్సార్లనే నక్షత్రాలను మొదట గుర్తించింది ఆమే. 1974 నోబెల్ మాత్రం ఆమె గైడుకూ మరో సీనియరు శాస్త్రవేత్తకూ వెళ్ళింది. 1995 నుంచి 1997 దాకా ఆమె బ్రిటన్ క్వేకర్ల వార్షిక సభకు క్లర్కుగా కూర్చుంది. ఎస్తేర్ ట్యూక్ కాలంలో స్త్రీలు విడిగా సభ కావాలని అడగాల్సి వస్తే, ఇక్కడ అందరి సభా ఆమె చేతిమీదుగా నడిచింది. 2018లో 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే, మొత్తం తీసి ఫిజిక్సు పరిశోధనలో చోటు దొరకని వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఇచ్చేసింది, ఎంపిక బాధ్యత ఒక సంస్థకు అప్పగించింది. రౌంట్రీ చెప్పిన తేడా గుర్తు చేసుకుంటే, ఆమె డబ్బు వేరు దగ్గరికి వెళ్ళింది. ఇదంతా బడి ఘనతేనని నేననను. ఇంట్లోనూ క్వేకర్ వాతావరణమే. కానీ ఆ బడిలో ఈ అలవాట్లకు ఎదురు లేదు, ఊతం ఉంది.

మన దేశంలో ఈ దారి మార్జొరీ సైక్స్ అనే ఇంగ్లిషు స్త్రీ పనిలో కనిపిస్తుంది. 1928లో మద్రాసులో బాలికల బడికి టీచరుగా వచ్చి, తర్వాత క్వేకరు అయి, 1949 నుంచి పదేళ్ళు సేవాగ్రామ్‌లో పని ద్వారా చదువు చెప్పే గాంధీ నయీ తాలీమ్ పద్ధతిలో ఉపాధ్యాయ శిక్షణ నడిపింది. అక్కడి పిల్లల సభ వంట, పారిశుధ్యం, తిండి లెక్క అన్నీ తనే చూసుకునేది. అక్కడ ఎన్నికలుండేవి, క్వేకర్ పద్ధతి కాదు. అయినా పిల్లలకు నిజమైన పని, నిజమైన లెక్క అప్పగించాలన్న పట్టుదల ఒక్కటే.

1969లో గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో కాలేజీ విద్యార్థుల జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. ఏడాదికి 120 గంటలు, ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. ఆంధ్ర, తెలంగాణల్లో డిగ్రీ చదివినవాళ్ళకు ఆ క్యాంపు తెలుసు. ఊరు ఏదో, పని ఏదో లెక్చరరు చెబుతారు. పిల్లలు తట్ట పట్టుకుంటారు. సర్టిఫికెట్ వస్తుంది. మేరీలాండ్ పిల్లల గంటలకూ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు. క్యాంపు వద్దని కాదు. వెళ్ళేముందు పిల్లలు ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళి, ఊరి ఆడవాళ్ళతో కూర్చుని, ఏం కావాలో అడిగి, తిరిగొచ్చి తేల్చుకుంటే పని వేరేలా ఉంటుంది. కొన్నిచోట్ల మంచి ప్రోగ్రాం ఆఫీసర్లు ఇది చేయిస్తారు కూడా.

మొదలుపెట్టడానికి ఊరిదాకా వెళ్ళనక్కర్లేదు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో వందలమంది ఆడపిల్లలు ఒకే కప్పు కింద తిని పడుకుంటున్నారు. మెస్ కమిటీ అనేది కాగితం మీద ఉంటుంది. దాని పని చాలాచోట్ల మెనూ చార్టు గోడకు అంటించడం, తనిఖీకి వచ్చిన అధికారి ముందు బాగుంది సార్ అనడం. ఆ కమిటీకి ఓటు ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. కూర్చోడానికి వారానికి ఒక గంట కావాలి. రాసిన మినిట్‌ను అందరిముందూ చదవాలి, వద్దన్న పిల్ల మాటనూ అందులో రాయాలి, దానికి స్పెషల్ ఆఫీసరు మేడం వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. కూరగాయల బిల్లు పుస్తకం, గుడ్ల స్టాకు రిజిస్టరు ఆ బల్ల మీద ఉండాలి, పదో తరగతి పిల్ల తిప్పి చూసి, కూడి, సంతకం పెట్టేటట్టు.